అర్జీలు నడిచిన దారి: షాద్‌నగర్ నుంచి పోచంపల్లి దాకా

షాద్‌నగర్ ఇప్పుడు రంగారెడ్డి జిల్లా ఊరు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా మహబూబ్‌నగర్‌లో ఉండేది. బస్టాండు చుట్టుపక్కల పెద్దవాళ్ల మాటల్లో ఈనాటికీ అది పాలమూరు ఊరే. ఏ కొండా వెంకట రంగారెడ్డి పేరు ఈ జిల్లాకు పెట్టారో, ఆయన 1936లో ఇదే ఊళ్లో జరిగిన నిజాం రాష్ట్ర ఐదో ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. ఆయుధం పట్టకుండా తెలంగాణ పల్లెల్లో జనాన్ని కూడగట్టే పని ఎలా సాగిందో తెలుసుకోవాలంటే ఇక్కడి నుంచి బయలుదేరడం మంచిది. దక్షిణాన జడ్చర్ల, తూర్పుకు తిరిగితే కల్వకుర్తి, నల్లమల అంచున మన్ననూరు, వెనక్కి మళ్లితే డిండి, దేవరకొండ, మర్రిగూడ, నల్లగొండ, చివరికి పోచంపల్లి. దారి పొడవునా ఎర్ర చెల్కలు, రాతి గుట్టలు, ఎండిన వాగులు. అక్కడక్కడ నిండిన చెరువు కనిపిస్తే బస్సులో అందరూ అటే చూస్తారు.

దసరా వెళ్లి దీపావళి రాబోయే రోజుల్లో షాద్‌నగర్ అంటే సీతాఫలాలే. బాలానగర్ రకమని దేశమంతా పెంచే పండు పేరు ఈ దారిలోని బాలానగర్‌దే. తెల్లవారుజామునే గుట్టల మీంచి తెంపుకొచ్చిన కాయలను ఆడవాళ్లు గంపల్లో పెట్టుకొని రోడ్డు పక్కన కూర్చుంటారు. ధర చెప్పకముందే ఒక పండు విప్పి చేతిలో పెడతారు. కొనకపోయినా ఆ పండుకు పైసలు తీసుకోరు. "ఏ ఊరు మీది, తిన్నరా?" అన్నది ఈ ప్రాంతంలో పలకరింపు. కోస్తా నుంచి వచ్చినవారికి మొదట ఇది ఆరా తీసినట్టు అనిపిస్తుంది. రెండో ఊరికి వచ్చేసరికి, మనిషిని కూర్చోబెట్టడానికి ఇక్కడివాళ్లకు తెలిసిన పద్ధతి ఇదేనని అర్థమవుతుంది. జొన్న రొట్టె, తొక్కు, పచ్చిపులుసు, గ్లాసు సల్ల ముందుకొచ్చాక మాట దానంతటదే సాగుతుంది.

ఊళ్లలో సభ పెట్టడం ఒకప్పుడు ఇంత సులభం కాదు. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధినిలో జరిగిన ఒక సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే కొద్దిమంది కలిసి ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. మాడపాటి హనుమంతరావు వంటివారు దాన్ని ఊరూరికీ తీసుకెళ్లారు. నిజాం ప్రభుత్వం 'గస్తీ నిషాన్ 53' పేరుతో సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. రాజకీయం ఊసెత్తితే అనుమతి రాదు. కనుక వీళ్లు గ్రంథాలయం పెట్టారు, పాఠశాల అడిగారు, వెట్టిచాకిరీ మీదా వర్తకుల కష్టాల మీదా చిన్న చిన్న పుస్తకాలు అచ్చువేసి పంచారు. వెట్టిని నిషేధిస్తూ సర్కారే ఎప్పుడో ఉత్తర్వులిచ్చిందన్న సంగతి ఆ వెట్టి చేసేవాడికి తెలియదు. చదివి వినిపించేవాడు కావాలి. ఆ చదివి వినిపించే పనే సంఘం పని. ఆ సంఘమే ఆంధ్ర మహాసభ అయ్యాక 1930లో జోగిపేట, 1931లో దేవరకొండ, తర్వాత ఖమ్మం, సిరిసిల్ల, ఆపైన షాద్‌నగర్. సభ ఒక్కోసారి ఒక్కో ఊళ్లో. పక్కనే మహిళా సభ కూడా జరిగేది. ఆడవాళ్లు వేదికెక్కడమే అరుదైన కాలంలో తాలూకా ఊళ్లలో వాళ్ల సభ వేరుగా నడవడం చిన్న సంగతి కాదు.

ఈ సభల్లో ఉన్నవారు ఎక్కువగా వకీళ్లు, చదువుకున్న భూస్వాములు, వర్తకులు. కూలీలు, పాలేర్లు వినేవారే గానీ తీర్మానం ప్రతిపాదించేవారు కారు. 1944 భువనగిరి సభతో మహాసభ చీలి, ఒక పాయ కమ్యూనిస్టుల నాయకత్వంలో సాయుధ పోరాటం వైపు వెళ్లింది. ఈ చరిత్ర దాచవలసినది కాదు. ఈ నేల మీద తుపాకీ పట్టినవారూ ఉన్నారు, అర్జీ పట్టినవారూ ఉన్నారు. చాలాసార్లు వాళ్లు ఒకే ఇంటివాళ్లు. ఈ ప్రయాణం రెండోవారి జాడలు వెతికినది. ప్రభుత్వం తన సౌకర్యం కోసం పెట్టుకున్న పద్ధతిని, అది అనుమతి పత్రమైనా, నామినేషన్ పత్రమైనా, గ్రామసభ తీర్మానమైనా, జనం పట్టుకొని తమ బరువంతా దాని మీద మోపడం ఈ దారిలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

షాద్‌నగర్ స్టేషను మీదుగా సికింద్రాబాదు నుంచి డోన్ వైపు రైళ్లు వెళ్తాయి. 2011 మార్చి 1న 'పల్లెపల్లె పట్టాలపైకి' పిలుపుతో తెలంగాణ అంతటా ఊళ్లకు ఊళ్లు రైలు పట్టాల మీద కూర్చున్నాయి. అదే ఏడాది సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది. ఆ నెలల్లో జాతీయ రహదారుల మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశారు. రోడ్డు మీదే బియ్యం కడిగి, రోడ్డు మీదే వండి, వచ్చిన వారందరికీ వడ్డించారు. రాస్తారోకోలో లారీ ఆగిపోయిన డ్రైవరు కూడా ఆకు ముందు కూర్చునేవాడు. ఆపిన దారిలోనే అన్నం పెట్టే నిరసన అది. ఆకలిని అస్త్రంగా వాడిన దీక్షలు దేశమంతటా ఉన్నాయి. తెలంగాణలో వాటి పక్కనే వంట కూడా నిలబడింది.

బాలానగర్ దాటి జడ్చర్ల చేరకముందు పోలేపల్లి వస్తుంది. మందుల కంపెనీల గోడలు, గొట్టాలు, షిఫ్టు మారే వేళకు బారులు తీరే బస్సులు. 2000 తర్వాతి తొలి ఏళ్లలో ఇక్కడ దాదాపు వెయ్యి ఎకరాలు పారిశ్రామిక అవసరాలకు సేకరించారు, తర్వాత అది ప్రత్యేక ఆర్థిక మండలి అయింది. భూమి పోయినవారు దళితులు, లంబాడీలు, వెనుకబడిన కులాల చిన్న రైతులు. అందులో చాలా భాగం సర్కారు ఇచ్చిన అసైన్డు భూమి, కనుక పరిహారం మరీ తక్కువ. ఏళ్ల తరబడి ధర్నాలు, పాదయాత్రలు, కోర్టు మెట్లు. 2008 జడ్చర్ల ఉప ఎన్నికలో బాధితులే అభ్యర్థులుగా నిలబడ్డారు. భూమి తిరిగి రాలేదు. తమ పొలమున్న చోటే కంపెనీలో ఊడ్చే పనికి వెళ్లినవారున్నారు. ఆ గోడ పక్క నుంచి బస్సు వెళ్లడానికి పట్టే సమయం చాలా కొద్ది. అయినా అటు చూడకుండా ఈ రోడ్డు మీద వెళ్లడం సరికాదు.

కల్వకుర్తి వైపు తిరిగాక పత్తి చేలు, మక్క చేలు. కూలికి వెళ్లే ఆటోల నిండా ఆడవాళ్లు. కృష్ణానది పాలమూరు పక్క నుంచే పోతుంది. కానీ నేల ఎత్తు, నది పల్లం. డెల్టాలో 1855 నాటికే బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టి కాలువలు తవ్వితే నీళ్లు వాటంతటవే పొలాలకు పారాయి. పాలమూరుకు అదే నీటిని మోటార్లతో ఎత్తిపోయాలి. డెల్టా రైతు కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారని అడుగుతాడు. ఇక్కడి రైతు తాతల నాటి నుంచీ కాలువ ఎప్పుడు తవ్వుతారని అడుగుతూ వచ్చాడు. ఈ మధ్యలో తరాలకు తరాలు 'పాలమూరు లేబరు'గా వలసపోయి దేశం నలుమూలలా ఆనకట్టలు కట్టాయి. షాద్‌నగర్ పక్కన లక్ష్మీదేవిపల్లి జలాశయం కావాలన్న డిమాండు కూడా ఈ వరుసలోనిదే.

మన్ననూరు దగ్గర నేల రంగు మారుతుంది. ఘాటు ఎక్కేసరికి గాలి చల్లబడి, వెదురు, టేకు, నల్లమద్ది కమ్ముకుంటాయి. చెంచు పెంటలు రోడ్డుకు దూరంగా, లోపల. పెంటలో కొత్తవారు వస్తే పెద్దవాళ్లు మాట్లాడటానికి తొందరపడరు. ముందు పిల్లలు వచ్చి చూసి వెళ్తారు, తర్వాత ఒక మంచం వాలుతుంది. 2019 మేలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం కోసం అన్వేషణకు కేంద్రంలోని అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. సుమారు 4 వేల బోర్లు వేయాలన్నది ప్రతిపాదన. ఆ వానాకాలమంతా మండలంలో బంద్‌లు, ర్యాలీలు, గ్రామసభ తీర్మానాలు సాగాయి. నగరంలో చదువుకునే పిల్లలు, రచయితలు, సినిమావాళ్లు గొంతు కలిపారు. సెప్టెంబరు 16న శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. దీనికి ముందే నాగార్జునసాగర్ పక్కన లంబాపూర్, పెద్దగట్టు తండాలు ఇదే మాట చెప్పాయి. 2003 ఆగస్టు 19న పెట్టిన ప్రజాభిప్రాయ సేకరణలో తండావాసులు గనిని వ్యతిరేకించారు. లంబాడీ రైతు మైకు ముందు నిలబడి అభ్యంతరం చెబితే దాన్ని రాసుకోవలసింది అధికారే. చట్టం ఇచ్చిన ఆ కొద్ది నిమిషాల కోసం తండాలు నెలల తరబడి సిద్ధమయ్యాయి.

డిండి జలాశయం దాటితే దేవరకొండ. ఊరి మీద కోట గుట్ట, కింద ఇరుకు బజారు. 1931 మహాసభకు ఇక్కడ అధ్యక్షత వహించిన బూర్గుల రామకృష్ణారావు షాద్‌నగర్ దగ్గరి బూర్గులకు చెందినవారు. 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. దానికి ముందు రెవెన్యూ మంత్రిగా ఉన్నప్పుడు ఆయన చేతుల మీదుగా వచ్చిన 1950 కౌలుదారీ చట్టం, రక్షిత కౌలుదారు అన్న హక్కును తెచ్చింది. సభల్లో అడిగిన మనిషి రాసే కుర్చీలోకి రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

మర్రిగూడ మండలంలో ఏ ఇంటికి వెళ్లినా ముందు మంచినీళ్ల చెంబు ఇస్తారు. తెలంగాణలో అది ప్రతి ఇంటి మర్యాదే. ఇక్కడ మాత్రం ఆ చెంబుతో పాటు ఒక మాట కూడా వస్తుంది: ఇవి ఎక్కడి నీళ్లో చెప్పి మరీ ఇస్తారు. నల్లా నీళ్లా, క్యాను నీళ్లా, బోరు నీళ్లా. దశాబ్దాల పాటు బోరు నీళ్లు తాగి పళ్లు గారకట్టి, వెన్ను వంగి, కీళ్లు బిగుసుకుపోయిన మనుషులు ఈ ఊళ్లలో ఉన్నారు. కారణం నేల కింది గ్రానైటు. ఆ రాతిలోని ఫ్లోరైడు నీళ్లలో మెల్లగా కరుగుతుంది. వాన తక్కువై బోర్లు లోతుకు పోయినకొద్దీ నీరు రాతితో ఎక్కువ కాలం కలిసి ఉంటుంది, ఫ్లోరైడు పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, ఇక్కడి బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తేర్చే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని నీరీ శాస్త్రవేత్తలు రూపొందించారు. దానికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరు స్థిరపడి కెన్యా, టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది. ఊరి పేరు ఆఫ్రికాకు చేరినా ఊరికి మాత్రం అప్పటికి కృష్ణా నీళ్లు చేరలేదు.

బ్యాంకు ఉద్యోగం వదిలేసిన దుశర్ల సత్యనారాయణ జలసాధన సమితి పేరుతో ఊరూరా తిరిగారు. పాదయాత్రలు, ధర్నాలు, వినతిపత్రాలు ఏళ్ల తరబడి సాగాయి. రోగంతో వంగిన మనుషులను వేదిక మీదికి తేవడం ఎంతో ఆలోచించి చేయవలసిన పని. జాలి పుట్టించి వదిలేస్తే అది అవమానమవుతుంది. సమితి వాళ్లను పౌరులుగా నిలబెట్టే దారి వెతికింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి బాధితులు, రైతులు, యువకులు మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. ఉపసంహరణలు ముగిశాక బరిలో మిగిలినవారు 480 మంది. ధరావతు అప్పుడు 500 రూపాయలు. దాన్ని పోగొట్టుకోబోతున్నామని తెలిసి కట్టారు. కూలికి వెళ్లే ఇంట్లో 500 అంటే ఎన్నాళ్ల తిండో లెక్కవేస్తే ఆ సంతకం విలువ తెలుస్తుంది.

బ్యాలెట్ పత్రం పుస్తకమైంది. అంతమందికి గుర్తులు వెతకాలి, అచ్చు వేయాలి, పెట్టెలు సరిపోవాలి. పోలింగు వాయిదా పడింది. జిల్లా పేరు పత్రికల మొదటి పేజీలకు ఎక్కింది. గెలిచింది కమ్యూనిస్టు నేత బొమ్మగాని ధర్మభిక్షం. సాయుధ పోరాట తరానికి చెందిన, గీత కార్మికులను సంఘటితం చేసిన మనిషి. బరిలోని దాదాపు అందరూ ధరావతు కోల్పోయారు. అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచ్చి శాసనసభ స్థానంలో 1,033 మంది, కర్ణాటకలోని బెళగావిలో 456 మంది నిలబడ్డారు. ఆ వెంటనే చట్టం మారింది: లోక్‌సభకు ధరావతు 500 నుంచి 10 వేలకు పెరిగింది, స్వతంత్రుడికి పదిమంది ప్రతిపాదకులు కావాలన్నారు. ఎన్నికల యంత్రాంగానికి తన ఇబ్బందులు ఉండవచ్చు. కానీ పేదవాడు ప్రశ్న అడగడానికి దొరికిన ఒక తలుపు ఇరవై రెట్లు ఖరీదైంది. నీళ్లు ఇవ్వడం కన్నా తలుపు మూయడమే ముందు జరగడం బాధపడవలసిన విషయం.

ఆ తలుపును తెలంగాణ రైతులు మళ్లీ తట్టారు. 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది నిలబడ్డారు. అప్పటికి ధరావతు 25 వేలు. చందాలు వేసుకొని కట్టారు. ఒక్కో పోలింగు కేంద్రంలో 12 ఓటింగు యూనిట్లు వరుసగా పెట్టవలసి వచ్చింది. వాళ్లు అడిగిన జాతీయ పసుపు బోర్డు ప్రకటన 2023 అక్టోబరు 1న పాలమూరు గడ్డ మీదే, మహబూబ్‌నగర్ సభలో, ప్రధానమంత్రి నోట వచ్చింది.

నల్లగొండలో నీళ్లు కూడా చివరికి వచ్చాయి, కానీ విడతలుగా. సాగర్ వెనుక జలాల నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసే మాధవరెడ్డి ప్రాజెక్టు, ఆ తర్వాత ఇంటింటికీ నల్లా ఇచ్చే మిషన్ భగీరథ. దాని పైలాన్‌ను 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. మర్రిగూడలో బడి పిల్లల పళ్లు ఇప్పుడు తెల్లగా కనిపిస్తాయి. పెద్దవాళ్ల ఎముకలు మాత్రం తిరిగి చక్కబడవు. వాళ్లకు పింఛను, మందులు, ఇంటి దగ్గరి వైద్యం అన్న డిమాండ్లు అలాగే ఉన్నాయి.

పోచంపల్లిలో అడుగు పెట్టగానే మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. అరుగు మీద ఆసు పోస్తున్న అక్క చేయి ఆపకుండానే కూర్చోమంటుంది. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా దీన్ని ఎంపిక చేసింది. వచ్చేవారిలో ఎక్కువమంది చీరల కోసమే వస్తారు. వినోబా పేరిట ఉన్న మందిరానికి వెళ్లేవారు తక్కువ. 1951 ఏప్రిల్‌లో శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం ముగిశాక వినోబా భావే, సాయుధ పోరాటం రగులుతున్న పల్లెల్లోకి కాలినడకన బయలుదేరారు. దానికి ముందు హైదరాబాద్ జైల్లో ఉన్న కమ్యూనిస్టులను కలిశారు. ఏప్రిల్ 18న పోచంపల్లి హరిజనవాడలో 40 కుటుంబాలు భూమి అడిగాయి. ఎంత కావాలంటే లెక్క చెప్పాయి: 40 ఎకరాలు తరి (మాగాణి), 40 ఎకరాలు ఖుష్కి (మెట్ట). అర్జీ రాసివ్వండి, ప్రభుత్వానికి పంపుతాను అన్నారు వినోబా. ఆ మాటతో ఆగకుండా, ఊళ్లో ఎవరైనా ఇవ్వగలరా అని కూడా అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు.

ఈ కథ చెప్పేటప్పుడు దాతను, సాధువును తలుస్తారు. ఆ 40 కుటుంబాల మాట కథలో వెనక్కి పోతుంది. అడిగింది వాళ్లు. అడిగినది దయ కాదు, తరి ఎంతో ఖుష్కి ఎంతో తేల్చిన లెక్క. పంట పండించే చేతికి ఎంత భూమి సరిపోతుందో వాళ్లకు తెలుసు. ఆ లెక్క లేకపోతే 100 ఎకరాల జవాబు వచ్చేది కాదు. తెలంగాణలో ఆ యాత్ర 51 రోజులు సాగి 12 వేల ఎకరాలకు పైగా సేకరించింది. తర్వాత దేశమంతా తిరిగి నలభై లక్షల ఎకరాలకు పైగా దానపత్రాలు పోగుచేసింది. దానమిచ్చిన భూమిలో రాళ్లూ రప్పలూ చాలా ఉన్నాయి, దావాల్లో చిక్కుకున్నదీ ఉంది, పంచకుండా మిగిలిపోయిందీ ఉంది.

1965లో భూదాన, గ్రామదాన చట్టం వచ్చింది. దాని ప్రకారం భూమి పొందినవారి వారసులు సాగు చేసుకోవచ్చు గానీ అమ్ముకోరాదు. హైదరాబాదు పెరిగి, రహదారుల వెంట ఎకరం ధర కోట్లకు చేరాక ఆ నిబంధన ఎంతమందికి అడ్డమైందో ఊహించడం కష్టం కాదు. కాగితాల్లో పేర్లు మారాయని, భూదాన భూమి పట్టా భూమిగా నమోదైందని ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. పోచంపల్లి ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. ప్రతి సోమవారం కలెక్టరేటులో ప్రజావాణి జరుగుతుంది. భూమి కాగితాలు ప్లాస్టిక్ సంచుల్లో పెట్టుకొని, పొద్దున్నే బస్సు దిగి, టోకెను కోసం వరుసలో నిలబడతారు. అర్జీ రాసిపెట్టేవాళ్లు గేటు పక్కనే బల్లలు వేసుకొని కూర్చుంటారు. సర్వే నంబరు, విస్తీర్ణం, తాత పేరు, తండ్రి పేరు ఒక్కొక్కటే అడిగి రాస్తారు.